పాతిపెట్టిన తలాంతు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మత్తయి సువార్త 25వ అధ్యాయము, 14 నుండి 30 వచనములు

రేడియోలో ఈ ప్రసంగం విన్నవారు కొందరు దీనిని పత్రికలో అచ్చువేయమని కోరారు. అందువలన అక్కడ సమయం చాలక వదిలివేసిన సంగతులు కూడా కలిపి మీ ముందు ఉంచుతున్నాను. యవ్వనస్థులు, వారి తల్లిదండ్రులు దీనిని ఒకచోట కూర్చొని చదవాలని నా మనవి.

మిరపకాయలు కల్లాల్లో ఆరబోసిన రోజుల్లో ఒక సాయంత్రం గురజాల దగ్గర పల్లె నుండి ఒక తండ్రి, ఆయన కొడుకు మా ఇంటికి వచ్చారు. వారి అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను, పేర్లు మాత్రం చెప్పను. తండ్రి కౌలు రైతు. కొడుకు డిగ్రీ పూర్తి చేశాడు. వారి సంఘములో ఆరాధనకు కీబోర్డు వాయిస్తాడు. క్రిస్మసు వస్తే తానే పాటలు కట్టి పిల్లలకు నేర్పిస్తాడు. హైదరాబాదు వెళ్ళి రికార్డింగు పని నేర్చుకొని, పాటలకు బాణీలు కట్టే పనిలోనే స్థిరపడాలని అతని కోరిక.

తండ్రి కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు. "అయ్యగారూ, వీడికి మీరైనా బుద్ధి చెప్పండి. పాటలు కట్టుకుంటా బతుకుతాడంట. బ్యాంకు పరీక్షలు రాయరా అంటే వినడు. రేపు ఏమీ కాకుండా తిరిగొస్తే నలుగురిలో నా పరువేం కావాలి?" అన్నాడు. కుర్రవాడు తల వంచుకొని కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

తండ్రి చేతులు కడుక్కోవడానికి పెరటిలోకి వెళ్ళినప్పుడు నేను అతనిని అడిగాను, "ఏం నాయనా, నీకు భయం లేదా?" అని. అతడు చెప్పిన జవాబు ఇప్పటికీ నా మనసులో ఉంది. "ఎందుకు లేదు అయ్యగారూ. నాన్నకంటే నాకే ఎక్కువ. పని రాదేమోనని కాదు. ఓడిపోయి తిరిగొస్తే మా ఊళ్ళో బస్సు దిగేదెట్లా అని" అన్నాడు.

ప్రియులారా, ఇది ఒక్క కుర్రవాని మాట కాదు. బొమ్మలు వేసే పిల్లవాడు, కథలు రాసే ఆడపిల్ల, నాటకాలలో వేషం కట్టే యువకుడు, చిన్న చిన్న సినిమాలు తీసి ఫోనులో పెట్టేవాడు, వీరందరి లోపల ఈ బస్సు దిగే భయం ఉన్నది. ఈ భయము ఎక్కడ నుండి వస్తుంది? దానిని ఏమి చేయాలి? ఈ రెండు సంగతులు మనము ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానము వెలుగులో ధ్యానించుకుందాము.

మొదటిగా, ఆ దాసుడు ఎందుకు పాతిపెట్టాడో చూద్దాము.

కథ మీకు తెలిసినదే. యజమాని దూరదేశము వెళుతూ ఎవరి సామర్థ్యము చొప్పున వారికి ఒకనికి ఐదు, ఒకనికి రెండు, ఒకనికి ఒక తలాంతు అప్పగించాడు. మొదటి ఇద్దరు వ్యాపారము చేసి రెట్టింపు చేశారు. మూడవవాడు గొయ్యి తవ్వి పాతిపెట్టాడు.

పాపం, మూడవవానికి ఇచ్చింది ఒక్కటే కదా అని మనం అనుకుంటాము. కాని ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారములు. ఒక దేనారము ఆ కాలములో కూలివాని ఒక రోజు కూలి. అంటే ఒక మనిషి దాదాపు 20 సంవత్సరాలు కష్టపడితే వచ్చే సొమ్ము. నేటి లెక్కలో రోజుకు 500 రూపాయల కూలి అనుకుంటే 30 లక్షలు. అందరికంటే తక్కువ పొందినవాడు కూడా అంత పొందాడు. ఇంగ్లీషులో సామర్థ్యాన్ని 'టాలెంట్' అని పిలవడం కూడా ఈ ఉపమానం నుండే వచ్చింది.

ఇంకొక సంగతి. సొమ్మును భూమిలో పాతిపెట్టడం ఆ దినములలో యూదులు తెలివితక్కువ పనిగా ఎంచలేదు. దొంగల చేతికి చిక్కకుండా దాచే జాగ్రత్తగానే ఎంచారు. మన పెద్దలు లంకెబిందెలు పాతిపెట్టలేదా? కనుక ఈ దాసుడు తాగి తందనాలాడినవాడు కాదు, దొంగ కాదు. నలుగురూ మెచ్చుకునే జాగ్రత్తపరుడు. అయినా యజమాని అతని మీద కోపించాడు. ఎందుకు?

అతడు తన నోటితోనే కారణం చెప్పుకున్నాడు. యజమాని కఠినుడని తాను ఎరుగుదునని, అందుచేత భయపడి దాచిపెట్టానని చెప్పాడు. గమనించండి. అతని భయానికి మూలం వ్యాపారం కాదు, బజారు కాదు. యజమాని ఎటువంటివాడో అన్న విషయములో అతనికున్న తలంపు. పోగొడితే నన్ను బ్రతకనివ్వడు అనుకున్నాడు. అలా అనుకున్నవాడు చేయి చాపలేడు. ఇదే ఉపమానములోని మర్మము. ఎదురుగా ఉన్నవాడు కఠినుడని నమ్మినవాడు తన దగ్గర ఉన్నదానిని పాతిపెడతాడు.

ఇప్పుడు మన ఇండ్లలోకి చూద్దాము. మన బిడ్డలు ఎవరిని కఠినులని నమ్ముతున్నారు? ఊరిని, చుట్టాలను, ఒక్కొక్కసారి తండ్రిని, చివరికి దేవుణ్ణి కూడా. ఈ పల్నాడులో ఆ భయం ఇంకొంచెం ఎక్కువ. మనది పౌరుషాల గడ్డ అని చెప్పుకుంటాము. మన పెద్దలు చెప్పుకునే పల్నాటి కథలో ఒక కోడిపందెం ఓడిపోయినందుకు మాచర్లవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళారు. ఆ పగ చివరికి కారెంపూడి యుద్ధభూమి దాకా వెళ్ళింది. ఓటమి అంటే పరువు పోవడమే అనే లెక్క ఈ నేలలో ఎప్పటినుండో ఉన్నది. మనం కోడిపందేలు ఆడకపోవచ్చు. కాని పిల్లల మార్కులతో, ఉద్యోగాలతో, జీతాలతో అదే పందెం ఆడుతున్నాము. ఇక పిల్లవాడు ఓడిపోవడానికి సాహసం ఎలా చేస్తాడు?

రెండవదిగా, భయం వేరు, లెక్క వేరు అని తెలుసుకోవాలి.

కొందరు బోధకులు విశ్వాసం ఉంటే చాలు, దూకెయ్యండి అని చెబుతారు. ప్రభువు అలా చెప్పలేదు. లూకా సువార్త 14వ అధ్యాయము 28వ వచనములో గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ఆయన చెప్పాడు. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. ఆ తండ్రికి కౌలు బాకీ ఉన్నది, పురుగుమందుల షాపులో బాకీ ఉన్నది. ఆ మాట ఆయన చెబితే అది భయం కాదు, లెక్క. దానిని గౌరవించాలి. కాని నలుగురు నవ్వుతారు అన్న మాట ఉన్నది చూడండి, అది లెక్క కాదు, భయం. ఈ రెండూ ఒకే మూటలో కట్టి ఉంటాయి. మూట విప్పి వేరు చేయాలి.

తమ్ముడూ, చెల్లీ, ఒక కాగితం తీసుకో. మధ్యలో గీత గీయి. ఒకవైపు నీ భయాలలో డబ్బుకు, కాలానికి, ఆరోగ్యానికి సంబంధించినవి రాయి. రెండవవైపు ఎవరు ఏమనుకుంటారో అనేవి రాయి. మొదటివైపు ఉన్నవాటికి జవాబు వెదకవచ్చు, పెద్దలతో కూర్చొని లెక్క వేయవచ్చు. రెండవవైపు ఉన్నవాటిని ప్రార్థనలో దేవుని ముందు పరచు. చాలామందికి రెండవవైపే పొడవుగా ఉంటుంది. నేను వేదాంత కళాశాలలో చదివేటప్పుడు ఒక నాటిక రాసి చూపితే తోటివారు నవ్వారు. ఆ తరువాత పదేళ్ళు నేను ఒక్క నాటిక రాయలేదు. పైకి తీరిక లేదని చెప్పుకున్నాను. తీరిక లేక కాదు ప్రియులారా, ఆ నవ్వు.

మూడవదిగా, మన నేల మీద పుట్టిన ఒక మనిషిని చూద్దాము.

వినుకొండ పేరు చెబితే గుర్తుకు వచ్చే మహాకవి గుర్రం జాషువా గారు. 1895 సెప్టెంబరు 28న పుట్టారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. ఇద్దరివీ వేరు వేరు కులాలు, ఇల్లు క్రైస్తవుల ఇల్లు. ఆయన విశ్వాసమును గూర్చి పెద్దలు పలురకాలుగా మాట్లాడతారు. ఆ చర్చ నేను ఇక్కడ చేయను. ఒక కళను నమ్ముకున్నవాడు భయం మధ్యలో ఎలా బ్రతికాడో చూడడానికి మాత్రమే ఆయన పేరు తీసుకుంటున్నాను.

ఆయనకు 1910లో వివాహమైంది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం మీద పనిచేశారు. ఆ పని కూడా పోయింది. అప్పుడు రాజమండ్రి వెళ్ళి 1915, 16 సంవత్సరాలలో సినిమా వాచకునిగా పనిచేశారు. అవి మాటలు రాని సినిమాల రోజులు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథను, సంభాషణలను జనానికి చదివి వినిపించాలి, అదీ పని. ఇరవై ఏళ్ళ వయసు, పెండ్లయిన మనిషి, చేతిలో స్థిరమైన ఉద్యోగం లేదు. ఆ రోజు వినుకొండలో బస్సు దిగినట్లయితే ఊరు ఏమని ఉండేదో ఊహించుకోండి.

తరువాత గుంటూరులో లూథరన్ సంఘము నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్ళు పనిచేశారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితునిగా ఉన్నారు. పగలు పాఠాలు చెప్పారు, మిగిలిన సమయములో పద్యాలు రాశారు. అవమానాలకు కొదువ లేదు. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు లేచారు. క్రైస్తవుడికి ఈ పద్యాలెందుకని వారు అడిగితే, క్రైస్తవుడవై ఉండి హిందువుల పురాణ కథలు ఎందుకు రాస్తావని మనవారు అడిగారు. రెండువైపుల నుండీ రాళ్ళే.

1932లో ఆయన ఫిరదౌసి అనే కావ్యం రాశారు. అది పారశీక కవి కథ. పద్యానికి ఒక బంగారు నాణెము ఇస్తానని రాజు మాట ఇస్తాడు. కవి ముప్పై ఏళ్ళు కష్టపడి గ్రంథం ముగిస్తాడు. చివరికి రాజు బంగారం బదులు వెండి పంపుతాడు. తరువాత పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి శవం ఊరి బయటకు వెళుతూ ఉంటుంది. చూడండి, కళను నమ్ముకున్నవానికి ఫలితం దక్కకపోవచ్చు అన్న సంగతి జాషువా గారికి తెలియక కాదు. తెలిసి, దానినే కావ్యంగా రాశారు, రాయడం మాత్రం మానలేదు. 1941లో గబ్బిలం వచ్చింది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక పేదవాడు, గుడిలోకి వెళ్ళగలిగిన గబ్బిలము చేత తన మొర పంపుకుంటాడు. అవమానం ఆయన చేతిని ఆపలేదు, ఆ అవమానమే పద్యమయింది. శ్మశానాన్ని గూర్చి ఆయన రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి, మన పల్లెల్లో చదువు రానివారి నోట కూడా పలికాయి.

1957 నుండి 59 వరకు ఆయన మద్రాసు రేడియో కేంద్రంలో పనిచేశారు. ఈ ప్రసంగం కూడా రేడియో ద్వారానే మీ దగ్గరకు వచ్చింది కదా, ఆ సంగతి చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆయన రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. మరుసటి సంవత్సరం, 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పండితుడు ఆయన కాలికి గండపెండేరం తొడిగారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జాషువా గారికి పద్మభూషణ్ వచ్చింది కాబట్టి నీకూ వస్తుంది అని నేను చెప్పను. అలా చెబితే అది అబద్ధ బోధ. ఆ కాలములోనే పద్యాలు రాసి ఎవరికీ తెలియకుండా పోయినవారు ఎందరో ఉంటారు. తలాంతుల ఉపమానములో కూడా వ్యాపారము చేసి నష్టపోయిన నాల్గవ దాసుడు లేడు. అతనిని గూర్చి ప్రభువు ఏమీ చెప్పలేదు, కనుక నేను కల్పించి చెప్పను. కాని ఒకటి స్పష్టం. యజమాని మూడవవాని మీద మోపిన నేరము నష్టపోయావని కాదు, అసలు చేయి పెట్టలేదని. రాజమండ్రిలో సినిమా కథ చదివిన ఇరవై ఏళ్ళ యువకునికి బహుమతి వచ్చింది 69వ ఏట. మధ్యలో ఉన్న దాదాపు యాభై ఏళ్ళు ఆయన ఎలా బ్రతికాడు అన్నదే మనకు పాఠము.

నాల్గవదిగా, పాతిపెట్టడానికీ పందెం కాయడానికీ మధ్య ఒక దారి ఉన్నది.

27వ వచనము మనం తొందరలో దాటి వెళ్ళిపోతాము. వ్యాపారము చేయడానికి నీకు ధైర్యం లేకపోతే, కనీసం నా సొమ్ము వడ్డీకిచ్చేవారి దగ్గర ఉంచి ఉండవచ్చు కదా, నేను వచ్చి వడ్డీతో తీసుకొని ఉండేవాడిని అని యజమాని భావము. ఈ మాట ఎంత దయగలదో ఆలోచించండి. కఠినుడని పేరు పెట్టబడిన యజమాని, భయస్థునికి కూడా ఒక చిన్న దారి చూపిస్తున్నాడు. మొదటి ఇద్దరిలాగా నీవు బజారులో నిలబడలేకపోతే పోనీ, కొంచెమే పెరిగే చోట పెట్టు. మట్టిలో మాత్రం పెట్టవద్దు.

జాషువా గారి బడి ఉద్యోగం అటువంటిది. అది ఆయన కళకు శత్రువు కాదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆధారం. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుతాము. డేరాలు కుట్టినందున ఆయన సువార్త చిన్నదయిందా? కాలేదు. కనుక ఉద్యోగం చేస్తూ రాత్రులు పాట కట్టుకునే తమ్ముడా, నీవు ఓడిపోయినవాడివి కావు. నీవు వడ్డీకి పెట్టినవాడివి.

కొన్ని పనికివచ్చే మాటలు చెబుతాను. ఒకటి, కాలము నిర్ణయించుకో. రెండేళ్ళా, మూడేళ్ళా, ఇంట్లోవారితో కూర్చొని ఒప్పుకో. ఆ కాలములో ఎవరూ రోజూ దెప్పకూడదు, నీవూ రోజులు వృథా చేయకూడదు. రెండు, పొలం అమ్మించవద్దు, వడ్డీకి అప్పు తెప్పించవద్దు. నీ కలకు తల్లి పుస్తెలు తాకట్టు పెట్టించవద్దు. మూడు, బ్రతకడానికి ఒక చేతిపని దగ్గర పెట్టుకో. పాట తెలిసినవాడు ట్యూషను చెప్పవచ్చు, బొమ్మ తెలిసినవాడు బోర్డులు రాయవచ్చు. నాలుగు, నీ పనిని మెచ్చుకునే స్నేహితులకు కాదు, తెలిసినవారికి చూపించు, వారు తప్పు చెబితే ఓర్చుకో. ఐదు, అవకాశం ఇప్పిస్తాము, ముందు డబ్బు కట్టండి అనేవారి దగ్గరకు పోవద్దు. ముఖ్యంగా ఆడపిల్లలు, పిలిచినచోటికి ఒంటరిగా వెళ్ళవద్దు, ఇంట్లో చెప్పకుండా వెళ్ళవద్దు.

గడువు ముగిసి, పని కుదరక తిరిగి వస్తే? రా నాయనా. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. ఒక పని కుదరలేదు, అంతే. నీవు కుదరనివాడివి కావు. దేవుడు నిన్ను తన కుమారుని రక్తముతో కొన్నాడు, నీ పాట ఎన్ని లక్షలమంది విన్నారో లెక్కపెట్టి కాదు. ఒకవేళ ఓటమి బరువుకు బ్రతకాలని లేదు అన్న తలంపు వస్తే దానిని నీ లోపల పాతిపెట్టుకోవద్దు. ఇంట్లో చెప్పు, నీ పాస్టరుగారికి చెప్పు. ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. సహాయం అడగడం విశ్వాసలోపం కాదు.

చివరిగా, తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు ఒక మాట.

ఇది నా ఒప్పుకోలు కూడా. చాలా ఏళ్ళ క్రిందట మా సంఘములో ఒక పిల్లవాడు ఉండేవాడు. క్రిస్మసు నాటకానికి వెనుక కట్టే తెర మీద బేత్లెహేము బొమ్మ వేశాడు. గొర్రెల కళ్ళలో దీపం వెలుగు పడినట్లు వేశాడు. చూసినవారందరూ తెర దగ్గరకు వెళ్ళి చేతితో తాకి చూశారు. ఇంటరు అయిన తరువాత బొమ్మలు నేర్పే కాలేజీలో చేరనా అయ్యగారూ అని నన్ను అడిగాడు. నేను క్షణం ఆలోచించలేదు. అన్నం పెట్టే చదువు చదవరా, బొమ్మలు సెలవుల్లో వేసుకోవచ్చు అన్నాను. వాళ్ళ నాన్న నాకు దండం పెట్టాడు. అతడు ఇంజనీరింగులో చేరి, మధ్యలో మానేసి, ఇప్పుడు ఒక పత్తి మిల్లులో లెక్కలు చూస్తున్నాడు. మంచివాడు, కుటుంబాన్ని బాగానే పోషిస్తున్నాడు. పోయిన క్రిస్మసుకు తెర వేసి పెట్టరా అని అడిగాను. నవ్వి, "చెయ్యి పోయింది అయ్యగారూ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గొయ్యి తవ్వింది అతడు కాదు, పార నా చేతిలో ఉన్నది.

నేను అతనికి లెక్క చెప్పాననుకున్నాను. నిజానికి నా భయం చెప్పాను. సెలవుల్లో వేసుకో అన్నాను గాని ఏ సెలవుల్లోనూ వేశావా అని అడగలేదు. పెద్దలారా, నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపాడు. ఎందుకు? ప్రసంగించడానికి కాదు. బంగారముతో, వెండితో, ఇత్తడితో, కొయ్యతో విచిత్రమైన పనులు చేయడానికి. దేవుని ఆత్మతో నింపబడినవాడు అని బైబిలులో మొట్టమొదట చెప్పబడినవాడు ఒక పనివాడు. అటువంటి దేవుని మందిరములో కూర్చొని మనము కళ అంటే పనికిమాలినది అని పిల్లలకు చెప్పవచ్చునా? అన్నీ ఒప్పుకోమని కాదు. లెక్క అడగండి, గడువు పెట్టండి, దుర్మార్గమైన స్నేహాలను గూర్చి హెచ్చరించండి. కాని ఓడిపోతే నా గడప తొక్కవద్దు అనే కఠినమైన యజమానిగా మాత్రం మీ బిడ్డకు కనబడవద్దు. అలా కనబడితే వారు పాతిపెడతారు.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి ముగిస్తాను. ఆ తండ్రీకొడుకులతో రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నాము. నేను చేసింది పెద్దగా లేదు, కాగితం మీద గీత గీశాను. కౌలు బాకీ ఒకవైపు రాశాము, నలుగురు నవ్వడం రెండవవైపు రాశాము. చివరికి కుదిరింది ఇది. మొదటి ఏడాది నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తూ నేర్చుకునే డబ్బు తానే కూడబెట్టాలి. తరువాత రెండేళ్ళు హైదరాబాదులో ప్రయత్నం. అప్పు తేకూడదు. కుదరకపోతే ఏ ఉద్యోగమైనా చేస్తానని అతడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు బడిలో చేరాడు. ఇంకా ఏమీ సాధించలేదు, సాధిస్తాడో లేదో నాకు తెలియదు.

లేవబోతూ నేను అతడు బస్సును గూర్చి చెప్పిన మాట, అతని అనుమతితో, తండ్రికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, కొడుకు వైపు చూడకుండానే, "ఏ బస్సుకు వచ్చేదీ ఫోన్ చెయ్యిరా. నేనొచ్చి నిలబడతా" అన్నాడు.

లూకా 15వ అధ్యాయములోని తండ్రి అటువంటివాడే. ఆ కుమారుడు ఆస్తి అంతా పాపములో తగలేసి తిరిగి వస్తున్నాడు. ఇంకా దూరముగా ఉండగానే తండ్రి చూసి, జాలిపడి, పరుగెత్తి వెళ్ళాడు. చెడిపోయి వచ్చినవానికే అంత పరుగెత్తిన తండ్రి, కష్టపడి ఓడి వచ్చినవానిని వాకిట నిలబెడతాడా? మన పరలోకపు తండ్రి కఠినుడని ఎవరు చెప్పినా నమ్మవద్దు తమ్ముడా. గొయ్యి తవ్వి దాచినది ఏదైనా ఉంటే ఈ రోజే పైకి తియ్యి. మట్టి దులిపి, ఆయన ముందు పెట్టు.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, మా బిడ్డలకు నీవిచ్చిన తలాంతులకై నీకు స్తోత్రములు. భయపడుతున్న యవ్వనస్థులను నీ చేతిలో పట్టుకొనుము. లెక్క చూసుకొనే జ్ఞానమును, చేయి పెట్టే ధైర్యమును దయచేయుము. తల్లిదండ్రులమైన మాకు, సేవకులమైన మాకు నీ వంటి మనసు నేర్పుము. మేము పాతిపెట్టించిన వాటి విషయమై మమ్మును క్షమించుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.